పన్నెండు వోల్టుల ప్రాణం

మోటారు కారు పెట్రోలుతో నడుస్తుందని పసిపిల్లవాడికి కూడా తెలుసు. కాని ఆ పెట్రోలుకు నిప్పు ముట్టించేది, ఇంజనును నిద్ర లేపేది, చీకట్లో దారి చూపేది, దారికి అడ్డం పడుకున్న గేదెను అదిలించేది కరెంటు. టాంకు నిండా పెట్రోలు వున్నా సరే, జానెడు తీగముక్క ఒకటి తెగితే చాలు, లక్షలు పోసి కొన్న బండి అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడిలా కదలకుండా కూర్చుంటుంది. ఎంత బతిమాలినా దిగదు. ఆ అల్లుడికి ఏం తక్కువైందో కనిపెట్టడమే ఆటో ఎలక్ట్రీషియన్ పని.

అన్ని బండ్లలోకీ అలక ఎక్కువైనవి పాతకాలపు స్పోర్ట్సు కార్లు. ఇద్దరు కూర్చునే జాగా, నేలబారు శరీరం, పైన గుడ్డ టాపు, చిన్న బానెట్టు కింద పెద్ద ఆశలు గల ఇంజను! వానొస్తే నీరు లోపలికి దిగుతుంది. ఇంజను వేడి తీగలకు తగులుతుంది. వేగానికి తగినట్టు ప్రతి కీలూ అదురుతుంది. కరెంటుకు నీరు, వేడి, అదురు మూడూ శత్రువులే.

"మీ నెక్కొండలో స్పోర్ట్సు కారు ఎక్కడిదండీ?" అని పాఠకులు నవ్వవచ్చును. నిజమే, ఇక్కడ రోడ్డు మీద కనిపించేవి ట్రాక్టర్లు, ఆటోలు, పత్తి బస్తాల వాన్లు. అయితే కరెంటుకు బీదా గొప్పా తేడా లేదు. ట్రాక్టరు సెల్ఫు కొట్టకపోవడానికి ఏది కారణమో, ఇంగ్లండు నుంచి దిగిన ఎర్రని స్పోర్ట్సు కారు సెల్ఫు కొట్టకపోవడానికీ అదే కారణం. ఒకదాని నాడి పట్టడం నేర్చినవాడు రెండవదానిని చూసి బెదరనక్కరలేదు.

రైలింజనుకూ సెల్ఫు మోటారుకూ పోలిక

వరంగల్లు నుంచి కేసముద్రం పోయే రైలు దారిలో మా నెక్కొండ స్టేషను వున్నది. కాజీపేట – విజయవాడ మార్గం గనుక రోజంతా ఎక్స్‌ప్రెస్సులు దూసుకుపోతూనే వుంటాయి. వాటి నెత్తిమీది తీగలో 25,000 వోల్టుల కరెంటు. ఆరువేల గుర్రాల శక్తి గల విద్యుత్ ఇంజను పూర్తి బలంతో లాగేటప్పుడు ఆ తీగ నుంచి ఎంత కరెంటు తీసుకుంటుందో తెలుసునా? ఒక గుర్రపు శక్తి 746 వాట్లు. లెక్క కట్టండి: సుమారు 180 ఆంపియర్లు.

ఇక మన వాకిట్లో కారు. తాళం తిప్పగానే సెల్ఫు మోటారు ఇంజనును గిర్రున తిప్పే ఆ ఒకటి రెండు సెకన్లలో బ్యాటరీ నుంచి లాగే కరెంటు కూడా ఇంచుమించు 150 నుంచి 200 ఆంపియర్లు! ఇరవై పెట్టెల రైలును లాగే ఇంజనూ, మన చిన్న కారు సెల్ఫు మోటారూ దాదాపు ఒకే మోతాదు కరెంటు పుచ్చుకుంటాయి. తేడా అంతా వోల్టులలో వున్నది. అక్కడ వెనకనుంచి తోసే బలం 25,000; ఇక్కడ పన్నెండు.

ఈ చిన్న లెక్కలో కారు కరెంటు రహస్యం సగం దాగి వున్నది. తోసే బలం తక్కువ గనుక దారిలో ఏ మాత్రం అడ్డు వున్నా కారు భరించలేదు. బ్యాటరీ కొస మీద తెల్లగా, పచ్చగా పూసిన తుప్పు ఒక ఓములో నూరవ వంతు నిరోధం కలిగిస్తుందనుకోండి. 200 ఆంపియర్లు దానిగుండా పోయేటప్పుడు రెండు వోల్టులు అక్కడే హరించిపోతాయి. పన్నెండింటిలో రెండు! పైగా ఆ చోట 400 వాట్ల వేడి పుడుతుంది. అందుకే సెల్ఫు కొట్టని బండిలో బ్యాటరీ కొస ముట్టుకుంటే ఒక్కొక్కప్పుడు చెయ్యి చురుక్కుమంటుంది. అటువంటి సందర్భంలో కొత్త బ్యాటరీకి వేల రూపాయలు తగలేసే ముందు, చెంబెడు వేడినీళ్ళూ గరుకు కాగితమూ ప్రయోగించి చూడడం ఉత్తమం.

చెరువూ వాగూ

కాకతీయుల గడ్డమీద చెరువు సామ్యం చెప్పకపోతే తప్పు. మాకు దగ్గరలోని పాఖాల చెరువు గణపతిదేవుని కాలంలో, పదమూడవ శతాబ్దంలో, కట్టినది. చెరువు నీళ్ళను తనంతట తాను పుట్టించదు. వాగు తెచ్చి పోసిన నీటిని పట్టి వుంచి, తూముద్వారా అవసరానికి వదులుతుంది. కారులో బ్యాటరీ చెరువు. ఇంజను తిరుగుతూ వుండగా కరెంటు పుట్టించే డైనమో వాగు. దీపాలు, హారను, వైపర్లు, స్పార్కు ప్లగ్గులు ఆయకట్టు. వచ్చేదానికన్నా పోయేది ఎక్కువైతే ఎంత పెద్ద చెరువైనా ఎండుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆక్స్‌ఫర్డు దగ్గర ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎం.జి.బి. అనే స్పోర్ట్సు కారు ప్రపంచ ప్రసిద్ధం. అయిదు లక్షలకు పైగా తయారైనవి. తొలినాటి ఎం.జి.బి.కి సీట్ల వెనక రెండు ఆరేసి వోల్టుల బ్యాటరీలు జంటగా వుండేవి. దాని డైనమో గరిష్ఠంగా ఇవ్వగలది 22 ఆంపియర్లు. వానాకాలపు రాత్రి ఆ కారు ఖర్చు చూడండి. పెద్ద దీపాలు రెండూ ఏడెనిమిది ఆంపియర్లు, చిన్న దీపాలు రెండు, ఇంజను స్పార్కుకు నాలుగు, వైపర్లు మూడు, గాలి ఊదే ఫ్యాను మరో మూడు నాలుగు. ఇరవై దాటింది! ఇంక హారను కొట్టినా బ్రేకు తొక్కినా అప్పు చేయవలసిందే. పైగా ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో దమ్మిడీ రాల్చదు. సిగ్నలు దగ్గర నిలబడినంతసేపూ ఖర్చంతా బ్యాటరీ నెత్తినే. మధ్య తరగతి సంసారులకు ఈ బడ్జెట్టు విడమరచి చెప్పనక్కరలేదు!

ఈ లోపాన్ని సవరించినది ఆల్టర్నేటరు. ఇది మొదట అటూ ఇటూ మారే కరెంటును పుట్టించి, సిలికాను డయోడ్లతో దానిని ఒకే దిక్కుకు మళ్ళిస్తుంది. మెల్లని వేగంలో కూడా కొంత కరెంటు ఇస్తుంది. 1960లో అమెరికాలోని క్రైస్లరు కంపెనీ తన వేలియంట్ కారులో దీనిని ప్రవేశపెట్టింది. ఎం.జి.బి.కి అది 1967 చివరలో గాని దక్కలేదు.

హ్యాండిలు నుంచి తాళం దాకా

కారుకు కరెంటు కాపురం మొదటినుంచీ లేదు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరు చేసిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్టును చౌమహల్లా పాలెస్‌లో చూసినవారు చాలామంది వుంటారు. 1911లో ఆయన కన్నుమూసిన తరువాతగాని అది రాలేదు. వెనక సింహాసనం వంటి ఆసనం, వెండి అలంకారాలు! ఇంత వైభవమూ వున్నా ఆ నాటి సిల్వర్ గోస్టు ముందు ఒక మనిషి వంగి ఇనుప హ్యాండిలు తిప్పితేనే ఇంజను లేచేది. సిల్వర్ గోస్టులకు సెల్ఫు మోటారు అమరినది 1919లో.

హ్యాండిలు తిప్పడం ప్రమాదకరమైన పని. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు రూపొందించిన సెల్ఫు స్టార్టరు 1912 కాడిలాక్ కారులో వచ్చిన తరువాత ఆడవారు, పెద్దవారు ఇతరుల సాయం లేకుండా సులువుగా కారు తీసుకుపోగలిగారు. ఒక విద్యుత్ మోటారు ఇంతమందికి స్వాతంత్ర్యం ఇచ్చిందంటే అతిశయోక్తి కాదు.

మన వైపు బస్సుల చరిత్ర 1932లో మొదలవుతుంది. నిజాం స్టేట్ రైల్వే వారు ఆ ఏడాది 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. తరువాతి కాలపు ఆర్టీసీకి అదే విత్తనం. కార్ల విషయానికి వస్తే, 1961 నుంచి మద్రాసులో స్టాండర్డు కంపెనీవారు తయారు చేసిన హెరాల్డు కారు మన వీధుల్లో కూడా తిరిగింది. ఇటలీ శిల్పి మిఖెలోట్టి గీసిన సొగసు అది. బానెట్టు మొత్తం ముందుకు ఎత్తితే ఇంజనూ, ముందు చక్రాలూ అన్నీ కంటికి కనిపించేవి. ఆ హెరాల్డు ఛాసిస్‌నే పొట్టిచేసి ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫయర్ అనే స్పోర్ట్సు కారు చేశారు. అంటే మన డాక్టరుగారో ప్లీడరుగారో నడిపిన హెరాల్డు ఒక స్పోర్ట్సు కారుకు స్వయానా అక్కగారన్నమాట!

నెల్లూరు బాటలో మద్రాసుకు ఉత్తరాన వున్న షోలవరం పాత విమానాశ్రయంలో, 1950 దశకం నుంచి దాదాపు నాలుగు దశాబ్దాలపాటు కారు పందేలు జరిగాయి. అక్కడ పరుగెత్తిన పాత తరపు ఇంజన్లకు స్పార్కు ఇచ్చినది చిన్న "పాయింట్ల" జత. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగితే ఆ పాయింట్లు సెకనుకు 200 సార్లు తెరుచుకొని మూసుకోవాలి. తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. అంత సన్నని సందు మీద ఆధారపడి పందెం గెలవడమూ ఓడడమూ వుండేది.

చీకటి రాజకుమారుడు

బ్రిటిషు కార్లకు దీపాలు, డైనమోలు, సెల్ఫు మోటార్లు అందించినది ఎక్కువగా బర్మింగ్‌హాములోని లూకాస్ కంపెనీ. దానిని స్థాపించిన జోసెఫ్ లూకాసుకు స్పోర్ట్సు కార్ల ప్రియులు "చీకటి రాజకుమారుడు" అని బిరుదు తగిలించి నవ్వుకుంటారు. నడిరాత్రి దీపాలు ఆరిపోయినవాడి కసి అది.

నిష్పక్షపాతంగా చూస్తే తప్పంతా సరుకుది కాదు. తీగలను కలిపే చిన్న గొట్టపు జాయింట్లలోకి తేమ దిగి చిలుము పట్టేది. సొంతదారులు ఇరవై ముప్పై ఏళ్ళపాటు వాటిని ముట్టుకోకుండా, "ఈవేళ కొత్త హారను, రేపు ఫాగు దీపాలు" అంటూ ఉన్న తీగలకే తగిలిస్తూ పోయారు. ఇక ఆ కంపెనీ చేసిన ఒక మేలు మరువరానిది. తీగల రంగులకు ఒక భాష ఏర్పరచింది. గోధుమరంగు తీగ బ్యాటరీనుంచి నేరుగా వచ్చేది. తెలుపు తాళం తిప్పాక ప్రాణం వచ్చేది. ఆకుపచ్చ తాళం తరువాత ఫ్యూజు దాటి వచ్చేది. ఊదా ఎల్లవేళలా కరెంటు వుండి ఫ్యూజు గలది. నీలం పెద్ద దీపాలది, ఎరుపు చిన్న దీపాలది. నలుపు ఎర్తు. ఈ వర్ణమాల ఒకసారి దిద్దుకుంటే చిక్కుపడిన నూలు ఉండలా కనిపించే వైరింగు చక్కని వాక్యంలా చదువుకోవచ్చును.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక మాటల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. పాఠ్యపుస్తకాలు బ్యాటరీని "ఘటమాల" అన్నాయి. మేస్త్రీలు ఎవరూ ఆ మాట వాడలేదు. వారు పరభాష మాటలనే తీసుకొని వాటికి తెలుగు క్రియలు తొడిగారు. సెల్ఫు "కొడుతుంది", బ్యాటరీ "దిగిపోతుంది", తీగ "షార్టవుతుంది", పాయింట్లు "కాలిపోతాయి". క్రియ మనదైతే నామం ఎక్కడిదైనా భాష జీర్ణం చేసుకుంటుంది.

నాడి పట్టే విధం

మంచి వైద్యుడు ముందు నాడి చూస్తాడు, తరువాతనే మందు రాస్తాడు. కరెంటు జబ్బులకూ అంతే. వరసగా వస్తువులు మార్చుకుంటూ పోవడం వైద్యం కాదు, జూదం. కావలసిన సామాను కొంచెమే: ఒక మల్టీమీటరు, రెండు తీగలు కట్టిన పన్నెండు వోల్టుల బల్బు ఒకటి (దీనినే టెస్టు లాంపు అంటారు), కాస్త ఓర్పు.

సెల్ఫు కొట్టలేదనుకోండి. పెద్ద దీపాలు వేసి తాళం తిప్పి చూడండి. దీపాలు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ దిగిపోయింది, లేదా దాని కొసలు వదులైనవి. దీపాలు దేదీప్యంగా వెలుగుతూనే వుండి సెల్ఫు మాత్రం ఉలుకూ పలుకూ లేకుంటే కరెంటు మోటారు దాకా పోవడమే లేదు. తాళం స్విచ్చినో, సొలినాయిడునో, దాని తీగనో అనుమానించాలి. దీపాలు బాగా మందగించినా ఇంజను కదలకపోతే సెల్ఫు మోటారే ఇరుక్కొని వుండవచ్చును. పైసా ఖర్చు లేకుండా సగం జబ్బు తెలిసిపోయింది!

తరువాత మీటరు. రాత్రంతా నిలబడిన కారులో పన్నెండు వోల్టుల బ్యాటరీ 12.6 చూపితే నిండుగా వున్నట్టు. 12.2 అంటే సగమే మిగిలిందన్నమాట. ఇంజను నడిపి మళ్ళీ చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య వుంటే వాగు పారుతున్నది. కదలిక లేకుండా 12 దగ్గరే వుంటే బెల్టు, ఆల్టర్నేటరు, తీగలు చూడాలి. పదిహేను దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడకబెడుతున్నదని అర్థం. తాళం తిప్పగానే డాషుబోర్డులో వెలిగే ఎర్రదీపం అసలు వెలగకపోతే సంతోషించవద్దు. చాలా బండ్లలో ఆ చిన్న బల్బుగుండా పోయే కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపుతుంది. బల్బు మాడితే ఛార్జింగే మొదలు కాకపోవచ్చును.

కొన్ని కార్లు రాత్రి బాగుండి తెల్లవారేసరికి చచ్చిపడి వుంటాయి. ఎక్కడో దొంగకాలువ వున్నదన్నమాట. అయిదు వాట్ల చిన్న దీపం ఒకటి సామాను అరలో ఆరకుండా వెలుగుతూ వుంటే గంటకు 0.4 ఆంపియరు చొప్పున 50 ఆంపియర్-గంటల నిండు బ్యాటరీని అయిదారు రోజుల్లో తాగేస్తుంది. మీటరును ఆంపియర్లకు మార్చి బ్యాటరీకీ దాని తీగకూ మధ్య కలిపి, ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ పోవాలి. ఏ ఫ్యూజు తీయగానే ముల్లు పడిపోయిందో ఆ దారిలో దొంగ వున్నాడు. కాని మీటరు ఇలా కలిపి వున్నప్పుడు మాత్రం పొరపాటున కూడా సెల్ఫు కొట్టరాదు, మీటరు మాడిపోతుంది.

తిరుగుదారి మరువవద్దు

కొత్తవారు తరచు మరచేది ఎర్తు. ఇంట్లో దీపానికి రెండు తీగలు వస్తాయి. కారులో చాలాచోట్ల ఒకటే. కరెంటు తిరిగి వచ్చే దారి కారు ఇనుప శరీరమే. ఆ శరీరానికీ దీపానికీ మధ్య తుప్పో, కొత్తగా కొట్టించిన రంగో అడ్డుపడితే తిరుగుదారి మూసుకుపోతుంది. కరెంటు ఊరుకుంటుందా? పక్క దీపంలోంచి దొడ్డిదారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మిణుకుమనడం, ఇండికేటరు వేస్తే వెనకదీపం గుడ్డిగా కొట్టుకోవడం మీరు చూసే వుంటారు. అది దయ్యమూ కాదు, బల్బుల దోషమూ కాదు. ఎర్తు వదులైన గుర్తు. స్పానరుతో మర విప్పి, కింద ఇనుము తళుక్కుమనేదాకా గీకి, మళ్ళీ బిగిస్తే సరి.

అలాగే ఇంజను వేడెక్కాక మొరాయించి, అరగంట చల్లారాక బుద్ధిమంతురాలిలా లేచే పాత కారులో ఇగ్నిషన్ కాయిలునో కండెన్సరునో అనుమానించాలి. పాయింట్లు పదే పదే నల్లగా కాలుతుంటే ముందు కండెన్సరును చూడాలి. ఇక పల్లెల్లో పత్తీ ధాన్యమూ నిలవచేసే చోట మరొక మెకానిక్కు రాత్రిపూట స్వయంగా విచ్చేస్తాడు. ఆయన పేరు ఎలుక. నెలల తరబడి కదలని కారును ఆయన కొరికిన తీగలు చూడకుండా స్టార్టు చేయరాదు.

కొత్త హంగులు

ఇప్పుడు మార్పుల సంగతి. ఉత్సాహవంతులు ముందుగా కొనేది ఎక్కువ వాట్ల బల్బు. అది చివర చేయవలసిన పని, అసలు చేయకపోతే మరీ మంచిది. పాత కార్లలో పెద్ద దీపాల కరెంటంతా డాషుబోర్డు స్విచ్చిలోంచీ, డిప్పు స్విచ్చిలోంచీ తిరిగి తిరిగి పోయి అలసిపోతుంది. దీపం దగ్గర వోల్టేజి నూటికి పది తగ్గితే వెలుతురు నూటికి ముప్పై దాకా తగ్గుతుంది. కాబట్టి దీపాల దగ్గర ఒక రిలే పెట్టి, బ్యాటరీనుంచి దిట్టమైన తీగ ఒకటి ఫ్యూజుతో సహా తీసుకురావాలి. పాత స్విచ్చి ఇకనుంచి ఆజ్ఞ మాత్రం ఇస్తుంది. బరువు రిలే మోస్తుంది. అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది, స్విచ్చి కాలిపోదు.

డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టడం రెండవ మార్పు. ఇక్కడ ఒక గోతి వున్నది. 1960ల నడిమి దాకా చాలా బ్రిటిషు కార్లకు బ్యాటరీలోని ధన ధ్రువమే శరీరానికి ఎర్తు. ఇప్పటి సామానంతా రుణ ధ్రువం ఎర్తుగా తయారైనది. ఇది చూసుకోకుండా ఆల్టర్నేటరు కలిపితే దానిలోని డయోడ్లు రెప్పపాటులో భస్మం. ముందు ధ్రువం మార్చాలి. ఇగ్నిషన్ కాయిలు తీగలు అటూ ఇటూ మార్చాలి. పాత రేడియో, విద్యుత్ టాకోమీటరు వుంటే వాటి సంగతి చూడాలి. డైనమోనే వుంచుకుంటే దానికి కొత్త ధ్రువం అలవాటు చేయాలి.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే అరుగుదల, సర్దుబాటు బాధ తప్పుతుంది. ఎల్.ఇ.డి. దీపాలు కరెంటు పొదుపు చేస్తాయి. అయితే వేడితో పనిచేసే పాత ఫ్లాషరు వాటి స్వల్పమైన కరెంటుకు చలించదు. ఇండికేటరు కొట్టుకోదు, ఫ్లాషరు కూడా మార్చవలసి వస్తుంది. పాత అద్దపు గిన్నెలో ఎల్.ఇ.డి. పెద్ద దీపం పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడవచ్చును. బండి కంపెనీ చేసిన రూపాన్ని ఇష్టారాజ్యంగా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తున్నదని కూడా గుర్తుంచుకోవాలి.

50 ఏళ్ళు దాటిన బండ్లను వింటేజి వాహనాలుగా ప్రత్యేకంగా రిజిస్టరు చేసే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండ్లకే ఆ గౌరవం. కనుక మంచి మేస్త్రీ ఏ మార్పు చేసినా పాత తీగ కోయడు. విప్పిన వస్తువును పారవేయడు. రేపు కొడుకో మనుమడో పూర్వరూపం కావాలంటే తిరిగి బిగించే వీలుంచుతాడు. తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు మూలపాఠాన్ని చెరపకుండా సవరణను పక్కన రాసుకుంటాడు గదా, అటువంటి సంస్కారమే ఇదీ.

ప్రాణం మీదికి వచ్చే చోటు

ఇంతవరకూ చెప్పినది బండి నిలిచిపోయే సంగతి. నిలిచిన బండిని తోసుకుపోవచ్చును. కాలిపోయే బండిలోంచి దూకడానికి ఒక్కొక్కప్పుడు వ్యవధి వుండదు. తొలినాటి ఎం.జి.బి.లో వాడుకలో వున్న ఫ్యూజులు రెండే రెండు. పెద్ద దీపాలకూ ఇగ్నిషనుకూ ఫ్యూజే లేదు. అటువంటి కారుకు పాటల యంత్రమూ, జంట హారన్లూ అతికిస్తే వేడెక్కేది తీగ. తీగమీది తొడుగు కరిగి, ఎర్రగా కాలి, దగ్గరలోనే పెట్రోలు గొట్టం!

ఇది పాత స్పోర్ట్సు కార్ల బెడద మాత్రమే కాదు. మన వాకిట్లోని కొత్త కారుకు బయట షాపులో చవకగా వేయించే అదనపు దీపాలూ, హారన్లూ ఇదే ప్రమాదాన్ని తెస్తాయి. మాటిమాటికీ ఫ్యూజు పోతున్నదని కొందరు దానిచోట సిగరెట్టు పెట్టెలోని వెండిరేకో, రాగితీగ చుట్టో పెట్టి గొప్ప ఉపాయం చేశామనుకుంటారు. ఫ్యూజు ఇంటి కుక్కవంటిది. మొరిగితే దొంగను వెతకాలి గాని కుక్కను చంపుకుంటామా? ఫ్యూజు మాడితే అంతే ఆంపియర్లది ఇంకొకటి వేయండి. మళ్ళీ మాడితే ఆ దారిలో తప్పు వున్నదని మేస్త్రీ దగ్గరకు పొండి. కొత్తగా ఏ వస్తువు తగిలించినా దానికి సొంత ఫ్యూజు, అదీ బ్యాటరీకి వీలైనంత దగ్గరలో వుండాలని పట్టుబట్టండి.

రెండవ ప్రమాదం చీకటి. పత్తి, మొక్కజొన్న, ధాన్యం రోడ్డెక్కే కాలంలో వెనకదీపం లేని ట్రాక్టరు ట్రాలీ రాత్రిపూట నల్లని గోడలా నిలబడి వుంటుంది. వెనకనుంచి వచ్చే మోటారుసైకిలు కుర్రవాడికి అది కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఆ దీపం వెలగకపోవడానికి కారణం చాలాసార్లు ఒక తుప్పు పట్టిన ఎర్తు మర. పావుగంట పని! ఆ పావుగంట శ్రద్ధ లేక ఒక ఇంటి దీపం ఆరిపోవడం కన్న అన్యాయం ఏమున్నది?

హుస్సేన్ సాగరం ఒడ్డున

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరం పక్క వీధులలో ఫార్ములా ఇ పందెం జరిగింది. పూర్తిగా విద్యుత్తుతో నడిచే కార్ల ఈ ఫార్ములా ఇ పందెం మన దేశంలో జరగడం అదే మొదలు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగవలసిన పందెం రద్దయింది గాని, ఆ ఒక్క రోజు చూసినవారు పెట్రోలు వాసన లేని వేగాన్ని చూశారు. గంటకు 320 కిలోమీటర్లదాకా పోగల ఆ కార్లు 350 కిలోవాట్ల శక్తితో పరుగెత్తుతాయి. బ్రేకు వేసినప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి 600 కిలోవాట్లదాకా తిరిగి రాబట్టగలవు. పందెంలో వాడే శక్తిలో నూటికి నలభై వంతులు ఇలా బ్రేకులనుంచి వచ్చేదే. పాఖాల తూములోంచి పోయిన నీరు తిరిగి చెరువులోకి ఎక్కినట్టు!

ఇళ్ళముందుకు వస్తున్న విద్యుత్ కార్లలో వందల వోల్టులుంటాయి. నారింజరంగు తొడుగున్న తీగలను శిక్షణ లేనివారు తాకనే కూడదు. వింత యేమిటంటే, వీటిలో చాలావాటికి పెద్ద బ్యాటరీతోపాటు ఒక చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ కూడా వుంటుంది. అది దిగిపోతే వందల వోల్టుల మహారాజు నిద్ర లేవడు. 

చివరగా ఇంటివారికి నాలుగు మాటలు. నెలకొకసారి బ్యాటరీ కొసలు చూడండి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు ఎర్తు కొస విప్పండి, బిగించేటప్పుడు అది చివర బిగించండి. స్పానరు ఇనుముకు తగిలినా నిప్పు రవ్వ లేవదు. చేతి ఉంగరం, గడియారం తీసి పెట్టండి. ఛార్జి అయ్యే బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. దానినుంచి వచ్చే హైడ్రోజను భగ్గుమంటుంది. రాత్రి ప్రయాణానికి బయలుదేరే ముందు ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కితే, ఇంకొకరు వెనక నిలబడి దీపాలు చూడండి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే వారు మహోత్సాహంగా చేస్తారు. పెద్దలు మరచిపోయిన రోజున గుర్తుచేసేదీ వారే.